రెండో తాడు

దిబ్బపాలెం
16-8-1998

రోజాకి,

ఈ ఉత్తరం ఎవరి చేతా రాయించింది కాదు, నేనే రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి, చదువుకో. మీ నాన్నని రాసిపెట్టమంటే సగం తనకి తోచింది రాస్తాడు. అందుకని అడగలేదు.

నువ్వు రాసిన కార్డు గురువారం వచ్చింది. పోస్టుమాన్ పిచ్చేశ్వరరావు రేవు దాకా వచ్చి, "శోభనాద్రి బాబాయ్, గుడివాడ కాలేజీ నుంచి నీకు ప్రశ్నలొచ్చాయి" అన్నాడు. అంటే వాడు చదివేశాడన్నమాట. వాడు చదివితే ఊరు చదివినట్టే. ఇక మీదట కార్డు రాయకు, కవరు రాయి. చాకిరేవు దగ్గర ఆడవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు.

నాకు అర్థమైనంత వరకు నువ్వు అడిగింది ఇది. మీ ఇంగ్లీషు మేష్టారు కోదండరామయ్య గారు తలా ఒక ముక్క ఇచ్చారు. మాటకి ముందు అతికే ముక్క. అది ఎక్కడ పుట్టింది, అర్థమేమిటి, మీ ఇంట్లో ఎక్కడెక్కడ వినపడుతుంది, ఇవన్నీ వ్యాసం రాసి దసరా సెలవుల తర్వాత ఇమ్మన్నారు. నీకు 'కో' అనే ముక్క వచ్చింది. నన్ను అడిగావు. రెండో తరగతి దాటని వాణ్ణి ఇంగ్లీషు అడిగేదానివి నువ్వొక్కదానివే. అడిగావు కాబట్టి చెప్తాను.

మన ఊళ్ళో 'కో' ఒక్కచోటే ఉంది. ఉప్పెన అయిన రెండో ఏడు ఆఫీసర్లు వచ్చి సొసైటీ పెట్టారు. నీలం రేకు మీద తెల్ల అక్షరాలు. 'మత్స్యకారుల కో-ఆపరేటివ్ సొసైటీ' అని. దాని కింద ప్రెసిడెంటు పేరు. ఆ రోజున నాకు చదవడం రాదు. పక్కవాణ్ణి చదవమన్నాను. ఆ పేరు నాది కాదు. మర్నాటి నుంచే యాభై ఏళ్ళ వయసులో పలక పట్టుకుని సాయంత్రాల బడికి వెళ్ళాను. పెద్దవాళ్ళ బడి అది. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా నెలలో మానేశారు. నేను సంతకం వచ్చేదాకా వెళ్ళాను, వచ్చాక ఉత్తరం రాయడం వచ్చేదాకా వెళ్ళాను.

కాబట్టి అర్థం ఏమిటని నన్ను అడిగితే, కలిసున్నవాళ్ళని విడదీసేది అని రాసుకో. ఆ రేకు రాకముందు మేం విడిగా లేము.

ఇంకో సంగతి. కొబ్బరికాయని కోకోనట్ అంటారని ఆ బడి పంతులు చెప్పేవాడు. అందులో రెండు 'కో'లు ఉన్నాయి. అవి కూడా ఇవేనా? మీ మేష్టారిని అడుగు.

తోడల్లుడి గురించి అడిగావు. ఆ పేరు మళ్ళీ ఎత్తకు.

కవళ్ళ చేపలు బాగా పడుతున్నాయి. ఎండబెట్టి ఉంచాం. ఎవరైనా గుడివాడ వస్తే పంపుతాను. హాస్టలు వార్డెను ముక్కు మూసుకుంటే మూసుకోనీ.

సంతకం నాదే,
శోభనాద్రి


గుడివాడ
27-8-1998

తాతయ్యకి,

నీ ఉత్తరం హాస్టల్లో ఆరుగురం కలిసి చదివాం. తప్పులు వెతకడానికి కాదు. నా స్నేహితురాలు కుమారి "మీ తాతయ్య నోటితో మాట్లాడినట్టే రాస్తారే" అంది.

కోకోనట్‌లోవి ఆ 'కో'లు కావట. మేష్టారు నవ్వి, "అయినా మీ తాతగారు అడగాల్సిందే అడిగారు" అన్నారు. మన 'కో' లాటిన్ అనే పాత భాషలోది. రోమ్ వాళ్ళు మాట్లాడేవాళ్ళు. దాని అర్థం కలిసి, తోడుగా. అది 'కో' అనే ఉండదు, వెనకాల వచ్చే అక్షరాన్ని బట్టి కమ్, కన్, కల్ అని మారిపోతుంది. అసలు రూపం 'కమ్' అట. నువ్వు రోజూ వినే మాటల్లో ఎన్ని ఉన్నాయో చూడు. కలెక్టర్ అంటే ఒకచోటికి కలిపి ఏరేవాడు. కండక్టర్ అంటే అందరినీ కలిపి నడిపించేవాడు. కంపౌండర్ అంటే మందులు కలిపి పెట్టేవాడు. కంపెనీ అంటే కలిసి రొట్టె తినేవాళ్ళు. నిజంగానే తాతయ్యా, వాళ్ళ భాషలో 'పానిస్' అంటే రొట్టె.

ఇంకొకటి చెప్పారు. ఇంగ్లీషు వాళ్ళు బావనీ, మరిదినీ, తోడల్లుణ్ణీ అందరినీ ఒకే మాటతో సరిపెడతారట. తోడల్లుడికి విడిగా మాట లేదు. మనవాళ్ళే ఆ 'కో'ని తీసుకెళ్ళి వాళ్ళ భాషలో కో-బ్రదర్ అని అతికించారు. తోడికోడలికి కో-సిస్టర్. "తోడు అన్న మాట మనకి ముందే ఉంది కాబట్టి మనవాళ్ళకి 'కో' వెంటనే దొరికింది" అన్నారు. తోడల్లుడు, తోడికోడలు, తోడిపెళ్ళికూతురు, తోబుట్టువు. పాలల్లో తోడు వెయ్యడం కూడా అదే అన్నారు. అవతలింటి పెరుగు చుక్క మనింట్లో పెరుగవుతుంది కదా.

కోప్పడకు. పోయిన ఆదివారం కుమారితో బందరు వెళ్ళాను. వాళ్ళ ఇల్లు గిలకలదిండి. అక్కడ వెంకటపతి పెదతాతయ్య ఇంటికి వెళ్ళాను. నానమ్మ సొంత అక్క మొగుడిని ఇరవై ఏళ్ళొచ్చాక మొదటిసారి చూశాను. సౌభాగ్యమ్మ నానమ్మ గుమ్మం దాకా వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "అచ్చం మా చెల్లి రామలక్ష్మి నడకే" అంది.

పెదతాతయ్య "మీ తాత రేవుకి వెళ్తున్నాడా ఇంకా?" అని అడిగాడు. వాళ్ళ అటక మీద ఒక పెద్ద సగం వల ఉంది. వాళ్ళ అబ్బాయి ప్రకాష్ బాబాయ్ దాన్ని బంటుమిల్లి రొయ్యల చెరువు వాళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. కొంగలు రొయ్యల్ని తినకుండా చెరువు మీద కప్పుతారట. దసరా వెళ్ళిన మర్నాడు లారీ వస్తుంది. పెదతాతయ్య నాతో "మీ తాతని ఓ మాట అడుగు" అన్నాడు. ఏం అడగాలో చెప్పలేదు.

తాతయ్యా, మన అటక మీద గోనెలో ఉన్నది కూడా సగం వలేనా? చిన్నప్పుడు ముట్టుకుంటే తిట్టావు. ఏమిటది?

రోజా


దిబ్బపాలెం
6-9-1998

రోజాకి,

ఎత్తొద్దన్న పేరు ఎత్తడమే కాక ఆ ఇంటికి వెళ్ళి వచ్చావు. చదువుకున్నదానివి కాబట్టి చెయ్యి చేసుకోలేను. ఇక్కడ ఉంటే మాత్రం రెండు రోజులు నీతో మాట్లాడేవాణ్ణి కాదు.

నాకు అంతా తెలిసిపోయింది. సగం వల చెరువు వాళ్ళకి చాలలేదు. రెండో సగం కూడా కావాలి. అందుకని నీచేత కబురు పెట్టాడు. నేరుగా అడిగే ధైర్యం లేక ఆడపిల్లని పంపాడు. ఇది మాత్రం చెప్పు. నా దగ్గరున్నది నాది, దాని జోలికి రావద్దు. ఆయన దగ్గరున్నది ఆయనిష్టం. ఈ మాటలు ఉన్నవున్నట్టు చెప్పు.

ఏమిటది అని అడిగావు. అలివి వల అది. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. మీ నాన్న వాళ్ళు ఇప్పుడు ఇంజను బోటులో వెళ్ళి లాగేవి వేరు. దీనికి నడుమ సంచి, అటో రెక్క, ఇటో రెక్క. ఒక్కో రెక్క చివర ఒక తాడు. ఒక తాడు కొస ఒడ్డున ఒకడి చేతిలో పెట్టి, పడవ మీద సముద్రంలోకి వెళ్ళి, వల వదులుకుంటూ చుట్టు తిరిగి, రెండో తాడు తెచ్చి దూరంగా ఇంకొకడి చేతికి ఇస్తారు. ఆ ఇద్దరి మధ్య కేకేస్తే వినపడనంత దూరం. ఒక్కో తాడు వెనక పదిహేను మంది. లాగుతూ లాగుతూ రెండు గుంపులూ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. వల ఒడ్డెక్కేసరికి ముందున్న ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. ఒకడు తొందరపడితే వల ఒరిగిపోతుంది, చేపలు రెండోవైపు నుంచి జారిపోతాయి. ఒకడు బద్ధకిస్తే అంతే. కేక వినపడదు కాబట్టి అవతలివాడి ఒంటి ఊపు చూసి లాగాలి.

ఎడమ తాడు ముందు నేను. కుడి తాడు ముందు వెంకటపతి. పన్నెండేళ్ళు. ఒక్కసారి కూడా వల ఒరగలేదు.

ఇంగ్లీషు వాళ్ళకి తోడల్లుడు లేడన్నావు. మరి రెండో తాడు ఎవరు పట్టుకుంటారు? నాకు అనుమానం, వాళ్ళు వల వెయ్యరు, కొనుక్కుంటారు.

నీ జాబితా మాత్రం బాగుంది. కలెక్టరు, కండక్టరు, కంపౌండరు. నా జన్మలో నన్ను నిలబెట్టి పొమ్మన్నవాళ్ళంతా ఈ 'కలిసి' అన్న ముక్కని నెత్తిన పెట్టుకుని తిరిగారని ఇప్పుడు తెలిసింది. కంపెనీ అంటే కలిసి రొట్టె తినేవాళ్ళా? మన కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర రొయ్యల కంపెనీ వాడు ముళ్ళకంచె వేశాడు. ఎవరితో కలిసి తింటున్నాడో వెళ్ళి అడుగుతాను.

పెరుగు తోడు మాట సరే. మీ నానమ్మ ఎప్పుడూ తోడు కోసం వాళ్ళక్క ఇంటికే వెళ్ళేది. మన ఇంట్లో పెరుగున్నా వెళ్ళేది.

సంతకం నాదే,
శోభనాద్రి


గుడివాడ
15-9-1998

తాతయ్యకి,

నన్నెవరూ కబురు పెట్టి పంపలేదు. వ్యాసం కోసం నా అంతట నేనే వెళ్ళాను. ఆ మాట నమ్మకుండా అంత పెద్ద ఉత్తరం రాశావు. రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత తిన్నాను.

నువ్వు చెప్పమన్నావు కాబట్టి మళ్ళీ ఆదివారం వెళ్ళి ఉన్నవున్నట్టు చెప్పాను. 'ఆయన దగ్గరున్నది ఆయనిష్టం.' పెదతాతయ్య చుట్ట ఆర్పేసి, "అలా అన్నాడా?" అన్నాడు. అన్నాడన్నాను. "అయితే సరే" అని ప్రకాష్ బాబాయ్‌ని పిలిచి లారీ ఖాయం చెయ్యమన్నాడు. ఆయన ఆ ఒక్క మాట కోసమే ఆగాడని నాకు అప్పుడు తెలిసింది. నువ్వు వద్దంటావేమో అని ఎదురు చూశాడు. రెండో సగం ఊసే ఎత్తలేదు తాతయ్యా. నేను చెప్పకుండా ఉండాల్సింది.

బోర్డు సంగతి కూడా అడిగాను. ఆ రోజు నువ్వు తాడు కొనడానికి నాగాయలంక వెళ్ళావట. ఆఫీసరు సాయంత్రంలోగా ప్రెసిడెంటు పేరు రాసివ్వాలి, లేకపోతే సొసైటీ పక్క ఊరికి పోతుంది అన్నాడట. పెదతాతయ్య నీ పేరే చెప్పాడట. వేలిముద్ర కుదరదు, సంతకం చేసేవాడు కావాలన్నాడట. ఇద్దరి పేర్లూ రాయండి అంటే ఒక సొసైటీకి ఇద్దరు ప్రెసిడెంట్లు ఉండరన్నాడట. నాలుగో తరగతి చదివినవాడు ఆయనొక్కడే కాబట్టి సంతకం పెట్టాడు. "మీ తాతకి వచ్చాక చెప్దామనుకున్నాను. నాకంటే ముందు బోర్డు చెప్పేసింది" అన్నాడు. నెల తిరక్కుండా ఆ పని వదిలేసి బందరు వచ్చేశాడట. ఇది నీకు తెలుసా?

వల దించి చూపించారు. నాకు వల సంగతి తెలీదు కానీ ముళ్ళన్నీ ఎడమ వైపుకి వాలి ఉన్నాయి. అడిగితే సౌభాగ్యమ్మ నానమ్మ చెప్పింది. "ఇది నేనల్లింది కాదమ్మా, మీ నానమ్మది. దానిది పుర్రచెయ్యి కదా. ఉప్పెన తర్వాత నైలాను దారం ఇస్తే ఇద్దరం చెరో రెక్కా అల్లాం. వలని సగానికి కోసుకున్న రోజున ఎవరి తాడు వైపుది వాళ్ళు పట్టుకుపోయారు, ఎవరి పెళ్ళాం అల్లిందో చూసుకోలేదు" అంది. వల మీద ఒక్క ఎలుక కన్నం లేదు. పెదతాతయ్య ఏటేటా దించి బాగుచేస్తాడట.

నానమ్మ పోయి ఏడేళ్ళు. ఆవిడ చేత్తో వేసిన ముళ్ళు కొంగల కోసం చెరువు మీదకి వెళ్తున్నాయి. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మేష్టారు నిన్న ఇంకో మాట చెప్పారు. కాంట్రాక్ట్. దాని పాత అర్థం కలిసి లాగడం. 'కన్' అంటే కలిసి, 'ట్రాక్ట్' అంటే లాగడం. నేను క్లాసులో నువ్వు రాసిన అలివి వల సంగతి చదివి వినిపించాను. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

రోజా


దిబ్బపాలెం
24-9-1998

రోజాకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ నీకు రాసినవి కావు. పైన 'అన్నయ్యకి' అని రాశాను, చెయ్యి ఆగిపోయింది. చింపేశాను. రెండోసారి 'వెంకటపతి గారికి' అని రాశాను, అది ఇంకా అన్యాయంగా కనపడింది. మూడోసారి పేరు లేకుండా రాస్తే ఎవరికో తెలీకుండా పోయింది. సంతకం నేర్చుకున్నాను కానీ ఇది ఎవరూ నేర్పలేదు.

నువ్వు చెప్పిన ముళ్ళ సంగతి నాకు తెలుసు. కోసుకున్న మర్నాడు పొద్దున్నే తెలుసు. వల విప్పి చూస్తే ముడి కుడికి వాలింది. సౌభాగ్యం వదిన ముడి అది. దాన్ని గుర్తుపట్టలేని గుడ్డివాణ్ణా నేను? వెళ్ళి మార్చుకు రావచ్చు. నాలుగిళ్ళ అవతల. 'పొరపాటున నీ రెక్క తెచ్చుకున్నాను' అంటే చాలు. అనలేదు. ఆయన వచ్చి అడగాలనుకున్నాను. ఆయనకీ తెలిసే ఉంటుంది, ఆయన నేను రావాలనుకున్నాడు. ఈలోగా బందరు వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు హార్బరులో బాగా గిట్టుతుందని వెళ్ళాడన్నారు. నేనూ అదే అన్నాను. ప్రెసిడెంటు పని వదిలేశాడని ఎవరో చెప్పబోతే వినకుండా లేచి వచ్చేశాను.

వల కోద్దామన్నది నేను. ఆ మాట నీకెవరూ చెప్పినట్టు లేదు. ఆయన చెప్పలేదంటే చెప్పకూడదనుకున్నాడు. కత్తి నాది. ఆయన ఒక చేత్తో వల పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. నడుమ సంచి ఎవరం తీసుకోలేదు. ఇసకలో పడి ఉంది, వానాకాలంలో పోయింది.

మీ నానమ్మ పోయే ముందు ఒకరోజు నేను అడిగాను, నీ రెక్క తెప్పించనా అని. ఆ ఒక్కసారే నోరు తెరిచి అడిగాను. తను వద్దంది. "మా అక్కది మనింట్లో, నాది వాళ్ళింట్లో ఉంది. అలాగే ఉండనియ్యి. ఒకరిది ఒకరి దగ్గరుంటే ఎప్పటికైనా ఒకళ్ళు గుమ్మం ఎక్కుతారు" అంది. నాకు కోపం వచ్చింది. చచ్చిపోయే మనిషి మీద కోపం తెచ్చుకున్నాను చూడు. అప్పటినుంచి వదిన రెక్కని నేనే చూస్తున్నాను. ఏటా కార్తీకంలో దించి, ఎలుక కొట్టిన వల కళ్ళు అల్లి, నీడన ఆరేసి, మళ్ళీ గోనెలో పెడతాను. నా ముళ్ళు కూడా అందులో చాలా కలిశాయి.

కోసుకోక ముందు మీ నానమ్మ, వాళ్ళక్క ఈ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని అల్లేవాళ్ళు. ఒకావిడ కుడిచెయ్యి, ఒకావిడ ఎడమచెయ్యి. దూరం నుంచి చూస్తే ఒకే మనిషి అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండేది. ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ అల్లేవాళ్ళు. పేరుకొక వరస. వరస అయిపోతే ఇంకో పేరు. ఆ రెక్కల్లో మన ఊరంతా ఉంది. చెరువువాడికి ఇది తెలీదు, వాడి తప్పు లేదు.

ఇప్పుడు చెప్తున్నాను. నేను చెప్పమన్న ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఇవ్వొద్దని చెప్పు. నేను అడిగానని చెప్పు. 'అడిగాడు' అన్న మాట తప్పకుండా వాడు. లారీ దసరా మర్నాడు కదా, ఇంకా వారం ఉంది. సరిపోతుంది.

కాంట్రాక్టు అంటే కలిసి లాగడమని నువ్వు రాసిన చోట కాగితం మడత పెట్టి ఉంచాను.

సంతకం నాదే,
శోభనాద్రి


గుడివాడ
26-9-1998

తాతయ్యకి,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే ఇది తొందరగా రాస్తున్నాను. కుమారి బందరు నుంచి వచ్చి చెప్పింది. చెరువు వాళ్ళు పండగ ముందే పిల్ల రొయ్యల్ని వదులుతున్నారట. లారీ 29వ తేదీనే వస్తుంది. నువ్వేమైనా చెప్పదలుచుకుంటే ఇక ఉత్తరాలతో కుదరదు. నాకు ఎల్లుండి నుంచి పరీక్షలు, కదలడానికి లేదు. 30న సెలవులు ఇస్తారు, నేరుగా ఇంటికి వస్తాను.

నువ్వు ఏమీ చెప్పదలుచుకోకపోతే కూడా సరే. నేను మళ్ళీ అడగను.

రోజా


బందరు, గిలకలదిండి
4-10-1998

రోజాకి,

నువ్వు సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి నేను లేను. గోనె కూడా లేకపోవడం చూసి అర్థం చేసుకుని ఉంటావు. మీ నాన్న నన్ను తిడుతూ ఉంటే తిట్టనియ్యి.

నీ ఉత్తరం 30 పొద్దున పిచ్చేశ్వరరావు ఇచ్చాడు. ఈసారీ కవరే కాబట్టి వాడు చదవలేదు, అందుకని వాడి మొహం దిగులుగా ఉంది. నేను విప్పి చదివాను. లారీ వెళ్ళిపోయి ఒకరోజు అయిందని తెలిసింది. అయినా గోనె దించి భుజాన వేసుకుని బస్సెక్కాను. కండక్టరు "ఏంటి తాతా, ఈ కంపు? పైన వెయ్యి" అన్నాడు. "కండక్టరంటే అందరినీ కలిపి నడిపించేవాడని మా మనవరాలు రాసింది. నడిపించు" అన్నాను. బస్సులో వాళ్ళంతా నవ్వారు. వాడూ నవ్వి గోనె పక్కకి జరిపాడు. చల్లపల్లిలో సీటు కూడా ఇచ్చాడు.

సాయంత్రానికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. వదిన తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది. "ఏం మరిదీ, దారి దొరికిందా?" అంది. వెంకటపతి లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, కర్ర పట్టుకుని లేచాడు. నేను గోనె కింద పెట్టాను.

"అదేంటి?" అన్నాడు.

"వదిన అల్లింది."

ఆయన గోనె మూతి విప్పి రెండు వల కళ్ళు వేళ్ళతో పట్టి చూశాడు. అందులో నా ముళ్ళు ఎక్కడెక్కడున్నాయో ఆయనకి తెలిసిపోయింది. "నీ ముడి ఇంకా బిగువే" అన్నాడు. తర్వాత, "మీ ఆవిడది నిన్న పోయిందిరా. నువ్వు ఆయనిష్టం అన్నావట కదా" అన్నాడు. "అన్నాను" అన్నాను. వదిన అన్నం పెట్టింది. కానాగంత చేపల పులుసు. మీ నానమ్మ పులుసే అది. అక్కచెల్లెళ్ళ చెయ్యి ఒకటే.

మర్నాడు దసరా. ప్రకాష్ మమ్మల్ని ఆటోలో బంటుమిల్లి తీసుకెళ్ళాడు. దారంతా గొణుక్కుంటూనే ఉన్నాడు. చెరువు చుట్టూ గుంజలు పాతి, మీ నానమ్మ రెక్కని పైన పరిచి కట్టేశారు. ఒక మూల చాలలేదని వేరే చోట ముక్క కోసి అతికారు. కోసిన చోటు ఏదో నాకు దూరం నుంచే కనపడింది. నా వెన్ను మీద కోసినట్టైంది.

వెంకటపతి కుడివైపు గుంజ దగ్గరికి వెళ్ళి ముడి విప్పడం మొదలుపెట్టాడు. నేను ఎడమవైపు వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు. ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ, ఒక్కో గుంజా విప్పుకుంటూ జరుగుతున్నాం. ఆయన కర్ర ఊతం పెట్టి వంగి లేచేదాకా నేను ఆగాను. అవతలివాడి ఒంటి ఊపు చూసి లాగాలి కదా, అలాగే.

చెరువు ఆసామి నాగభూషణరావు గారు మోటార్ సైకిలు మీద వచ్చాడు. "ఏంటండీ ఇది? కట్టినదాన్ని విప్పుతున్నారు?" అన్నాడు.

"మా ఆవిడ అల్లింది" అన్నాను నేను.

"మా మరదలు అల్లింది" అన్నాడు వెంకటపతి.

ఇద్దరం ఒక్కసారే అన్నాం. నాగభూషణరావు గారు అటు చూశాడు, ఇటు చూశాడు. "ఇంతకీ మీరిద్దరూ ఏమవుతారు?" అన్నాడు.

వెంకటపతి నా వైపు చూశాడు. నన్నే చెప్పనిచ్చాడు. "తోడల్లుళ్ళం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి పందొమ్మిదేళ్ళయింది.

నాగభూషణరావు గారు మోటార్ సైకిలు దిగి, పనివాళ్ళని పిలిచి విప్పమన్నాడు. మంచివాడే. వేరే వల చూసుకుంటానన్నాడు. కంపెనీ అంటే కలిసి రొట్టె తినేవాళ్ళన్న నీ మాట ఆయనకి చెప్పాను. నవ్వి మాకు బన్ను, టీ తెప్పించాడు. ముగ్గురం గట్టు మీద కూర్చుని తిన్నాం.

మూలన అతికిన ముక్క విప్పేటప్పుడు చిరిగి పనికిరాకుండా పోయింది. కోసిన చోట పేడతట్టంత కన్నం ఉంది. వదిన చేతులు వణుకుతున్నాయి, వల అల్లే పుల్ల పట్టలేకపోతోంది. తను పక్కన కూర్చుని చెప్తుంటే నేను అల్లుతున్నాను. ఎడమ చేత్తో. ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ముడి ఒకటి పడడానికి మూడుసార్లు విప్పాల్సి వస్తోంది. వదిన పేర్లు చెప్తోంది, పేరుకొక వరస. నిన్న రామలక్ష్మి పేరు చెప్పింది. ఆ వరస మాత్రం నేను తప్పు పోకుండా అల్లాను.

ఈ వలతో చేపలు పట్టలేం. సంచి లేదు. సంచి ఉన్నా లాగడానికి ముప్పై మంది రారు, వచ్చినా మా ఇద్దరికీ కాళ్ళు లేవు. అది తెలిసే కలుపుతున్నాం. రెండు రెక్కలూ కలిసే చోట వదినది కుడికి, మీ నానమ్మది ఎడమకి వాలి, నడుమ గీత గీసినట్టు కనపడుతుంది. అది కనపడనీ.

బోర్డు సంగతి ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను. "నాకోసం ఒక్క పూట ఆగుండాల్సింది" అన్నాను. "నువ్వు ఒక్క మాట అడిగుండాల్సింది" అన్నాడు. రెండూ నిజమే కాబట్టి అక్కడితో వదిలేశాం. సంతకం నేర్చుకున్నావట కదా, చూపించు అన్నాడు. ప్రకాష్ నోటు పుస్తకంలో పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "నాకంటే బాగుంది" అన్నాడు. అబద్ధం. ఆయనదే బాగుంటుంది.

నీ వ్యాసం సంగతి. 'కో' అంటే విడదీసేది అని రాసుకోమన్నాను. అది కొట్టెయ్యి. మీ మేష్టారు చెప్పిందే రాయి. కానీ ఆ ముక్క ఊరికే అతుక్కోదని కూడా రాయి. అవతలివాడు తాడు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో మనం వెళ్ళి చూస్తే గానీ తెలీదు.

కార్తీకం దాకా ఇక్కడే ఉంటాను. మీ నాన్నకి చెప్పు. రేవులో నా చిన్న పడవకి తారు పూయమను. నువ్వు కాలేజీ తెరిచేలోపు ఒకసారి ఇటు రా, వదిన అడుగుతోంది.

ఒక సొసైటీకి ఇద్దరు ప్రెసిడెంట్లు ఉండరన్నాడు ఆ ఆఫీసరు. ఒక ఉత్తరానికి ఇద్దరు సంతకం పెట్టకూడదని ఎవరూ అనలేదు. అందుకని కింద చూడు. పైది నాది. కిందది ఆయనది. ముందు ఆయన్నే పెట్టమన్నాను, పెద్దవాడు కదా. పైన చోటు నాకు వదిలి కింద పెట్టాడు.

శోభనాద్రి

వెంకటపతి